ఐరన్ సైట్స్‌తో టార్గెట్ ప్రాక్టీస్‌కి తక్కువ ఖర్చులో బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఎలా ఎంచుకోవాలి

స్కోప్ (గురి చూసే దుర్భిణి) లేకుండా ఉత్త ఐరన్ సైట్స్‌తోనే (రైఫిల్ మీద ముందు, వెనక ఉండే లోహపు గురి గుర్తులు) కాగితం మీద గురి నేర్చుకోవాలి, రైఫిల్ బోల్ట్ యాక్షనే (చేత్తో బోల్ట్ అనే పిడి లాగి తూటా ఎక్కించే రకం) కావాలి, డబ్బు మాత్రం చూసుకుని ఖర్చు పెట్టాలి అనుకునేవాళ్ల కోసం రాస్తున్నా. చాలామంది ముందు క్యాలిబర్ (తూటా సైజు) అనుకుంటారు, తర్వాత బ్రాండ్, ఆ తర్వాత చూడ్డానికి బాగుందా లేదా అని, సైట్స్ సంగతి మాత్రం రైఫిల్ ఇంటికొచ్చాక చూస్తారు. ఈ పనికి వరస తిరగెయ్యాలి. మొదట సైట్స్, ఆ సైట్స్ వెనకకి మీ కన్ను సరిగ్గా వస్తుందా లేదా, తర్వాత ట్రిగ్గర్, ఆ తర్వాతే మిగతావి. ఎందుకంటే ఇప్పుడు కొత్తగా వస్తున్న బోల్ట్ యాక్షన్లలో చాలావాటికి అసలు సైట్సే ఉండవు, నున్నటి బ్యారెల్‌తో స్కోప్ పెట్టుకోమని వదిలేస్తారు, స్టాక్ (భుజానికి, చెంపకి ఆనించే భాగం) కూడా స్కోప్ ఎత్తుకి సరిపడేలా చెక్కుతారు. అలాంటిది కొని తర్వాత సైట్స్ తగిలిద్దాంలే అనుకుంటే రైఫిల్‌లో మిగిల్చిన డబ్బు అక్కడ పోతుంది.

కొనేముందే మీరున్న చోట చట్టం ఏం చెప్తుందో, లైసెన్స్ దేనికి ఇస్తారో, మీరు వెళ్లబోయే రేంజ్‌లో ఏ క్యాలిబర్లు కాల్చనిస్తారో, ఎన్ని మీటర్ల లేన్ ఉందో కనుక్కోండి. 50 మీటర్ల రేంజ్ మాత్రమే దొరికేవాళ్లకి పెద్ద క్యాలిబర్ రైఫిల్ దండగ.

క్యాలిబర్ గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు, .22 లాంగ్ రైఫిల్ తీస్కోండి. 1887లో పుట్టిన తూటా ఇది, ఇప్పటికీ టార్గెట్ షూటింగ్‌లో దీన్ని కొట్టింది లేదు, ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీ దీంతోనే, అదీ స్కోప్ లేకుండా పీప్ సైట్స్‌తోనే (చిన్న చిల్లులోంచి చూసే ఐరన్ సైట్స్) జరుగుతుంది. రీకాయిల్ (పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ) దాదాపు ఉండదు కాబట్టి పేలే ముందే భుజం బిగబట్టేయడం, కళ్లు మూసేయడం లాంటి చెడ్డ అలవాట్లు అంత తేలిగ్గా అంటుకోవు. అన్నిటికంటే పెద్ద కారణం తూటాల ఖర్చు. సెంటర్‌ఫైర్ తూటా, అంటే పెద్ద రైఫిళ్ల తూటా ఒక్కటి కాల్చే డబ్బుతో .22 చాలా కాల్చొచ్చు, ఐరన్ సైట్స్‌తో చెయ్యి కుదరాలంటే కాల్చాల్సింది మరి చాలానే ఉంటుంది. చిన్న తూటా కదా అని తేలిగ్గా మాత్రం తీసుకోవద్దు, దాని పెట్టె మీదే రాసుంటుంది కిలోమీటరున్నర దాటి కూడా ప్రమాదమని, అందుకని వెనక గట్టి మట్టిగోడ లేని చోట ఎప్పుడూ కాల్చకూడదు.

బోల్ట్ యాక్షనే ఎందుకంటే, తక్కువ ధరలో కూడా కచ్చితంగా తయారుచేయగలిగే మెకానిజం అది. కదిలే భాగాలు తక్కువ, ట్రిగ్గర్ శుభ్రంగా పెట్టొచ్చు, తూటా పేలేటప్పుడు బోల్ట్ తాళం పడి కదలకుండా ఉంటుంది. ఒక్కో షాట్‌కీ చేత్తో బోల్ట్ లాగాలి కాబట్టి మనిషి కూడా నిదానిస్తాడు, నేర్చుకునేవాళ్లకి ఆ నిదానం చాలా అవసరం. మ్యాగజైన్ ఉన్నా లేకపోయినా పర్లేదు, సింగిల్ షాట్ రైఫిల్ చవగ్గా దొరికితే మొహమాటం లేకుండా తీసేస్కోండి.

ఇక అసలు సంగతికి వద్దాం. ఐరన్ సైట్స్‌లో మీకు కనిపించేవి రెండు రకాలు. ఒకటి బ్యారెల్ మధ్యలో ఎక్కడో కూర్చునే గాడి సైట్, అంటే వెనక వీ గానీ యూ గానీ చదరం గానీ గాడి, ముందు ఒక పుల్ల. రెండోది పీప్ సైట్, కంటికి దగ్గరగా రిసీవర్ (బోల్ట్ కూర్చునే భాగం) వెనక కూర్చునే చిన్న చిల్లు. గాడి సైట్‌తో కన్ను ఒకేసారి మూడు దూరాలు చూడాలి, గాడి, పుల్ల, టార్గెట్, మూడూ ఒకేసారి స్పష్టంగా కనపడడం ఏ కంటికీ కుదరదు. పీప్‌లో చిల్లుని చూడక్కర్లేదు, చిల్లులోంచి చూడాలి, మన కన్ను దానంతటదే వెలుతురు ఎక్కువున్న మధ్యభాగానికి వెళ్తుంది, పైగా చిన్న చిల్లు వల్ల ముందు సైట్, టార్గెట్ రెండూ ఇంకాస్త స్పష్టంగా తేల్తాయి. నలభై దాటి దగ్గరి చూపు తగ్గినవాళ్లు గాడి సైట్‌తో విసిగిపోయి, పీప్‌కి మారగానే మళ్లీ ఉత్సాహంగా కాలుస్తుంటారు. కాబట్టి బడ్జెట్ ఎంత తక్కువున్నా పీప్ ఉన్న రైఫిల్, కనీసం తర్వాత పీప్ పెట్టుకోవడానికి వీలున్న రైఫిల్ కొనండి. రిసీవర్ పైన 11 మిల్లీమీటర్ల గాడులు గానీ, పక్కన స్క్రూ చిల్లులు గానీ ఉన్నాయా చూడండి, విలియమ్స్ లాంటి కంపెనీలు చాలా మోడళ్లకి పీప్ సైట్స్ చేస్తున్నాయి.

ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. రిసీవర్ మీద పెట్టిన పీప్, బ్యారెల్ మీదున్న పాత గాడి కంటే ఎత్తుగా కూర్చుంటుంది. వెనకది ఎత్తు పెరిగితే తూటా కూడా పైకి పోతుంది, అప్పుడు ముందు పుల్ల కూడా పొడవైనది మార్చాలి. పీప్ కొనేటప్పుడే దానికి సరిపోయే ఎత్తున్న ముందు సైట్ దొరుకుతుందో లేదో అడిగి కొనండి.

రెండు సైట్స్ మధ్య దూరాన్ని సైట్ రేడియస్ అంటారు, ఇది టేపు పెట్టి కొలిచి మరీ చూడాల్సిన విషయం. లెక్క చాలా సులువు. ముందు పుల్ల గాడిలో ఒక మిల్లీమీటర్‌లో పదో వంతు పక్కకి జరిగిందనుకోండి, అంటే కంటికి పట్టీపట్టనంత తేడా. సైట్స్ మధ్య 400 మిల్లీమీటర్లు ఉంటే 50 మీటర్ల దగ్గర తూటా 12.5 మిల్లీమీటర్లు పక్కకి పడుతుంది. అదే 600 ఉంటే 8.3 మాత్రమే. 50 మీటర్ల అంతర్జాతీయ టార్గెట్‌లో పది రింగు వెడల్పే 10.4 మిల్లీమీటర్లు, కాబట్టి ఆ కాస్త తేడా స్కోర్‌లో ఎంత పెద్దదో మీరే చూస్కోండి. వెనక సైట్‌ని బ్యారెల్ మీంచి తీసేసి రిసీవర్ వెనక పీప్‌గా పెడితే రేడియస్ ఒక్కసారిగా పెరగడానికి కారణం కూడా ఇదే. పొడవైన బ్యారెల్ ఉపయోగం కూడా ఇక్కడే, .22 లో మందు 40–45 సెంటీమీటర్ల బ్యారెల్‌లోనే పూర్తిగా కాలిపోతుంది, ఆ పైన పొడవుతో వేగం ఏమీ పెరగదు, సైట్స్ దూరం మాత్రం పెరుగుతుంది. అందుకే ఐరన్ సైట్స్‌కి పొట్టి బ్యారెల్ మోడల్ తీసుకోకండి, ఎంత ముద్దుగా ఉన్నా సరే.

ముందు పుల్ల వెడల్పు కూడా చూడండి. కంటి నుంచి 80 సెంటీమీటర్ల దూరంలో ఉన్న 2 మిల్లీమీటర్ల పుల్ల 50 మీటర్ల దగ్గర సుమారు 125 మిల్లీమీటర్ల వెడల్పుని కప్పేస్తుంది. అంతర్జాతీయ టార్గెట్‌లో నల్ల బుల్ (మధ్యలోని నల్ల వృత్తం) వెడల్పు 112.4 మిల్లీమీటర్లు, అంటే దాదాపు సమానం, బుల్‌ని పుల్ల తల మీద కూర్చోబెట్టి కాల్చడానికి ఇది బాగా కుదురుతుంది. ఇంకా మందం పుల్ల అయితే బుల్ దాని మీద ఎటు జరిగిందో తెలీదు, అప్పుడు పెద్ద బుల్ ఉన్న కాగితం వాడుకోవాలి. పచ్చగా, ఎర్రగా మెరిసే ఫైబర్ ఆప్టిక్ చుక్కల సైట్స్ కొన్ని కొత్త రైఫిళ్లకి వస్తున్నాయి, త్వరగా గురి పెట్టడానికి అవి బాగుంటాయిగానీ కాగితం మీద చిన్న గ్రూప్ (తూటాలన్నీ దగ్గరదగ్గరగా పడ్డ గుంపు) రావాలంటే ఆ మెరుపు వల్ల అంచు ఎక్కడుందో కనపడదు, నల్లటి మాట్ పుల్లే మేలు. మ్యాచ్ రైఫిల్స్‌లో (పోటీల కోసం చేసినవి) అయితే గొట్టంలాంటి ముందు సైట్‌లో రింగులు మార్చుకోవచ్చు, బుల్ చుట్టూ సన్నటి తెల్లటి అంచు కనిపించేంత రింగు పెట్టుకుంటే కన్ను ఆ తెలుపుని నాలుగు వైపులా సమానం చేసేస్తుంది, పెద్ద కష్టం లేకుండా. మొదట్లో కాస్త పెద్ద రింగే పెట్టుకోండి, మరీ బిగుతైన రింగు పెడితే బుల్ కదిలిన ప్రతిసారీ కంగారుపడి ట్రిగ్గర్ లాగేస్తారు.

ఇప్పుడు స్టాక్. దీన్ని షాపులోనే చెక్ చేయొచ్చు, ఒక్క నిమిషం పని. రైఫిల్ ఖాళీ అని మీరు స్వయంగా చూసుకుని, అమ్మేవాళ్ల పర్మిషన్ తీసుకుని, సురక్షితమైన వైపు తిప్పి, కళ్లు మూసుకుని భుజానికి ఎత్తండి, చెంప మీకు హాయిగా ఎక్కడ ఆనుతుందో అక్కడ ఆనించండి, ఇప్పుడు కళ్లు తెరవండి. వెనక సైట్, ముందు సైట్ ఒకే వరసలో కనిపిస్తే అది మీ రైఫిల్. సైట్స్ కనపడాలంటే చెంపని చెక్కకేసి గట్టిగా అదమాల్సి వస్తే స్టాక్ ఎత్తు ఎక్కువ, అది స్కోప్ కోసం చేసింది. చెంప గాల్లో తేలిపోతే స్టాక్ తక్కువ, దీనికి మందు ఉంది, ఫోమ్ అతికించి పైన టేపు చుట్టినా సరిపోతుంది, కానీ ఎత్తు ఎక్కువైన స్టాక్‌ని తగ్గించాలంటే చెక్క కొయ్యాలి. కాబట్టి అనుమానం వస్తే తక్కువ ఎత్తుదే తీసుకోండి. సీజెడ్ కంపెనీ లక్స్ మోడళ్లకి వీపు వంగిన స్టాక్ పెట్టి, చెంప కిందకి వచ్చేలా చెయ్యడం ఐరన్ సైట్స్ కోసమే. పొడవు కూడా చూడండి, ట్రిగ్గర్ నుంచి స్టాక్ వెనక చివరిదాకా సుమారు 34 సెంటీమీటర్లు పెద్దవాళ్లకి మామూలు కొలత, పొట్టిగా ఉన్నవాళ్లకి, పిల్లలకి అది ఎక్కువైపోయి మెడ చాచి చూడాల్సి వస్తుంది.

ఏ కన్ను బలమైనదో కూడా ముందే తేల్చుకోండి. రెండు చేతులతో చిన్న కన్నం చేసి, అందులోంచి దూరంగా ఉన్న దాన్ని దేన్నైనా చూస్తూ ఒక్కో కన్నూ మూయండి, ఏ కన్ను మూస్తే ఆ వస్తువు మాయమవుతుందో అదే మీ బలమైన కన్ను. ఎడమ కన్ను, ఎడమ చేయి వాళ్లకి ఎడమ వైపు బోల్ట్ ఉన్న రైఫిల్ అయితే సుఖం, సావేజ్ మార్క్ 2 లో అలాంటి మోడల్ ఉంది.

ట్రిగ్గర్ దగ్గర కూడా కాస్త ఆగాలి. బరువు ఒక్కటే కాదు, అది ఎలా తెగుతుందనేది ముఖ్యం. వేలు మెల్లగా నొక్కుతూ పోతుంటే గరగరమంటూ జరుగుతూ ఎప్పుడు పేలుతుందో తెలియకపోతే గురి అంతా అక్కడే చెదిరిపోతుంది. గాజు పుల్ల విరిగినట్టు ఒక్కసారిగా తెగాలి. కిలో నుంచి కిలోన్నర మధ్య బరువుంటే కొత్తవాళ్లకి చాలు. మరీ తేలిక ట్రిగ్గర్ కోసం స్ప్రింగులు కోసేయడం, సియర్ (ట్రిగ్గర్ లాగేదాకా పిన్‌ని ఆపి ఉంచే కొక్కెం) అరగదీయడం మాత్రం ఎవరు చెప్పినా చెయ్యకండి, తూటా దానంతటదే పేలే ప్రమాదం ఉంది. సర్దుబాటు స్క్రూ ఉన్న ట్రిగ్గర్లు ఉన్నాయి, సావేజ్ ఆక్యుట్రిగ్గర్ అలాంటిదే, ఆ స్క్రూ ఇచ్చినంత మేరకే తిప్పుకోవాలి.

మోడళ్ల విషయానికొస్తే, కొత్తవాటిలో సీజెడ్ 457 లక్స్ కాస్త ఖరీదే అయినా సైట్స్‌తో సహా వస్తుంది, జీవితాంతం ఉంటుంది. 457 వచ్చింది 2019లో, దానికి ముందు 455, ఇంకా ముందు 452 ఉండేవి, ఆ 452 ట్రైనర్ గానీ లక్స్ గానీ సెకండ్ హ్యాండ్‌లో కనిపిస్తే వదలకండి, పొడవైన బ్యారెల్, దూరానికి తగ్గట్టు జరుపుకునే వెనక సైట్, ఈ పనికి దానంత సరిపోయేది ఆ ధరల్లో తక్కువ. ఇంకా తక్కువలో కావాలంటే సావేజ్ మార్క్ 2, ఇందులో ఐరన్ సైట్స్ ఉన్న వేరియంటే అడిగి తీసుకోవాలి, ఎఫ్‌వీ అని ఉన్న హెవీ బ్యారెల్‌కి సైట్స్ ఉండవు. అదే కంపెనీ పీప్‌తో చేసిన ఎఫ్‌వీటీ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే మంచి బేరం. చైనా నోరింకో జేడబ్ల్యూ 15 పాత బ్రనో డిజైన్‌కి కాపీ, ఫినిషింగ్ మొరటు, అయినా కాలుస్తుంది బాగానే. సోవియట్ టీఓజెడ్ 8 సింగిల్ షాట్ కూడా అంతే, చూడ్డానికి పాతది, పని గట్టిది.

నన్నడిగితే మాత్రం అన్నిటికంటే మంచి కొనుగోలు క్లబ్బుల్లోంచి బయటికొచ్చే పాత మ్యాచ్ రైఫిల్. ఆన్షుట్జ్ 64 యాక్షన్ మీద చేసినవి, మాస్‌బర్గ్ 44యూఎస్, రెమింగ్టన్ 513టీ లాంటివి. ఇవి పుట్టిందే ఐరన్ సైట్స్‌తో కాగితం కొట్టడానికి, ఎన్ని వేల తూటాలు కాల్చినా .22 బ్యారెల్ అంత సులభంగా అరగదు. ఒక్కటే జాగ్రత్త, ఇలాంటివి అమ్మేటప్పుడు చాలామంది సైట్స్ పీకేసి విడిగా అమ్ముకుంటారు. మంచి మ్యాచ్ సైట్స్ ధర కొన్నిసార్లు రైఫిల్ ధరలో పెద్ద వాటానే అవుతుంది. కాబట్టి వెనక సైట్, ముందు గొట్టం, రింగుల సెట్, అన్నీ కలిపి ఎంత అని అడిగి అప్పుడు బేరం మొదలుపెట్టండి.

పాత మిలిటరీ రైఫిళ్ల మీద చాలామందికి మోజు, మోసిన్ నాగాంట్, లీ ఎన్‌ఫీల్డ్, స్వీడిష్ మౌజర్, వీటి చరిత్ర నిజంగానే గొప్పది, నాకూ ఇష్టమే. కానీ నేర్చుకోవడానికి మొదటి రైఫిల్‌గా వద్దంటాను. దెబ్బ గట్టిగా ఉంటుంది, తూటా ఖరీదు, పైగా సైట్స్ యుద్ధదూరాలకి పెట్టినవి. స్వీడిష్ ఎం96 వెనక సైట్ మొదలయ్యేదే 300 మీటర్ల నుంచి, 100 దగ్గర కాలిస్తే తూటాలన్నీ పైకి పోతాయి, పొడవైన ముందు పుల్ల వేయిస్తేగానీ కుదరదు. మోసిన్‌ని సోవియట్ సైన్యం బయొనెట్ (మూతి దగ్గర తగిలించే కత్తి) తగిలించి సైట్ చేసేది, అది తీసేస్తే తూటా పడే చోటు మారుతుంది. వీటిలో ఐరన్ సైట్స్ పరంగా మంచిది లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4, దానికి వెనక పీప్ ఉంది. తీసుకోవాలనే ఉంటే ముందు గన్‌స్మిత్‌తో హెడ్‌స్పేస్ (బోల్ట్ మూసినప్పుడు తూటాకి ఉండే ఖాళీ) గేజ్ పెట్టి చూపించండి, అది తప్పనిసరి. పాత మిలిటరీ తూటాల్లో చాలావాటి ప్రైమర్ (తూటా అడుగున మందుకి నిప్పంటించే భాగం) కాల్చాక ఉప్పు వదుల్తుంది, ఆ ఉప్పు గాల్లో తేమ లాక్కుని బ్యారెల్‌ని తుప్పు పట్టిస్తుంది, నూనెతో ఆ ఉప్పు పోదు, వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి ఆ తర్వాత నూనె రాయాలి.

సెకండ్ హ్యాండ్ ఏదైనా సరే ఇవి చూడండి. బోల్ట్ తీసేసి వెనక నుంచి వెలుతురులోకి బ్యారెల్ చూడండి, లోపల ఎక్కడైనా నల్లటి ఉంగరంలా నీడ కనిపిస్తే అక్కడ బ్యారెల్ ఉబ్బిందని అర్థం, దాన్ని వదిలెయ్యండి. బ్యారెల్ మూతి అంచు చాలా ముఖ్యం, దూదిపుల్ల తీసుకుని లోపలి అంచు వెంబడి బయటికి లాగండి, ఎక్కడైనా దూది పోగులు చిక్కుకుంటే అక్కడ గీత పడిందన్నమాట, ధర తగ్గించమని అడగొచ్చు, గన్‌స్మిత్ దాన్ని మళ్లీ కోసి సరిచేయగలడు. ముందు సైట్ గాడిలో నిటారుగా ఉందా, సుత్తి దెబ్బలున్నాయా, వెనక సైట్ జరిపే మెట్టు ముక్క ఉందా పోయిందా చూడండి, ఆ చిన్న ముక్క చాలా పాత రైఫిళ్లలో కనిపించదు. పాత .22 లని ఖాళీగా ట్రిగ్గర్ లాగి చూడకండి, తూటాని కొట్టే పిన్ నేరుగా చాంబర్ (తూటా కూర్చునే చోటు) అంచుకి తగిలి అక్కడ గుంట పెడుతుంది, ఆ గుంట ముందే పడి ఉందేమో కూడా చూడండి, ఉంటే తూటా కేసు లోపలికి సరిగా పోదు, బయటికి రాదు.

రైఫిల్ కొన్నాక తూటాల ప్రయోగం తప్పదు. .22 లో ఒకే మోడల్ రెండు రైఫిళ్లు కూడా రెండు రకాల తూటాల్ని ఇష్టపడతాయి. సీసీఐ స్టాండర్డ్ వెలాసిటీ, ఎస్‌కే స్టాండర్డ్ ప్లస్, ఎలీ క్లబ్ లాంటివి తలా ఒక పెట్టె తెచ్చుకుని, బెంచ్ మీద సంచి ఆనించి ఒక్కో దాంతో పదేసి తూటాలు ఒకే చోట గురిపెట్టి కాల్చి, చిన్న గ్రూప్ ఏది వస్తే దాన్నే ఎక్కువ కొనండి. హై వెలాసిటీ తూటాలు వద్దు. అవి ధ్వని వేగం దాటి బయల్దేరి దారిలో మళ్లీ దానికంటే కిందకి దిగుతాయి, ఆ దిగేటప్పుడు తూటా తడబడి గ్రూప్ పెద్దదవుతుంది. స్టాండర్డ్ వెలాసిటీ మొదట్నుంచీ ధ్వని వేగానికి కాస్త కిందే ఉంటుంది.

చివరిగా సైట్స్ సెట్ చేసుకోవడం. తూటా ఎటు పోవాలో వెనక సైట్‌ని అటు జరపాలి, ముందు సైట్ అయితే దానికి రివర్స్. ఎంత జరపాలో లెక్క: తూటా ఎంత తప్పిందో దాన్ని సైట్ రేడియస్‌తో గుణించి, టార్గెట్ దూరంతో భాగించండి, అన్నీ మిల్లీమీటర్లలోనే. ఉదాహరణకి 50 మీటర్ల దగ్గర గ్రూప్ 40 మిల్లీమీటర్లు ఎడమకి పడింది, సైట్స్ మధ్య 500 ఉంది, 40 ఇంటూ 500 బై 50,000, అంటే 0.4 మిల్లీమీటర్లు వెనక సైట్‌ని కుడికి. క్లిక్కులు లేని పాత సైట్ అయితే జరిపే ముందు పెన్సిల్‌తో గీత గీసుకోండి. ఒక్క తూటా చూసి ఎప్పుడూ జరపొద్దు, కనీసం ఐదు కాల్చి ఆ గ్రూప్ మధ్య ఎక్కడుందో చూసి జరపండి. ముందుగా 25 మీటర్ల దగ్గర కాగితం మీదకి తెచ్చుకుని, తర్వాత 50కి వెళ్లండి. కాల్చేటప్పుడు చూపు ముందు పుల్ల అంచు మీదే ఉండాలి, బుల్ కాస్త మసకగా కనపడ్డా ఏం పర్లేదు.